గోరంత అద్దాలు

కట్ట తెగిన వరద వచ్చిన మరుసటి ఏడు జరిగిన మాట ఇది. అప్పటికి ఆ వీధి గోడల మీద నీటి గీత ఇంకా పోలేదు. నిలబడ్డ మనిషి భుజాల కన్నా పైన, మట్టిరంగులో, ఇంటింటికీ ఒకే ఎత్తున ఉండేది. సున్నం వేసినా కొన్నాళ్లకి మళ్లీ పైకి తేలేది.

ఆ వీధి చివర పేర్లు చెక్కే కొట్టు ఒకటి ఉంది. చెక్కే మనిషిని అందరూ పేర్ల పెద్దాయన అనేవారు. తలుపు పలకలు, గడియారం వెనక బిళ్లలు, పెట్టెల మూతలు, ఏది తెచ్చినా పేరు చెక్కి ఇచ్చేవాడు. ఊళ్లో సగం తలుపుల మీద ఆయన చేతి అక్షరమే. మనిషి మాటకారి కాడు. ఆయన నోట్లోంచి రోజంతా వచ్చేది గాలి ఒక్కటే. ఒక అక్షరం చెక్కడం, నుదుటి మీది భూతద్దం కంటికి దించుకోవడం, పక్కగా వంగి ఉఫ్‌మని రజను ఊదడం, చూడడం. ఆ తరువాతే ఇంకో అక్షరం. ఊదకుండా ఆయన ఏ అక్షరాన్నీ దాటిపోయింది లేదు.

ఎడమ కన్ను పని నేర్చుకునే రోజుల్లోనే ఇత్తడి ముక్క ఎగిరిపడి పోయింది. ఎవరైనా అయ్యో అంటే, "చెక్కేటప్పుడు ఎలాగూ ఒక కన్ను మూసుకోవాలిగా, నాకా శ్రమ లేదు" అనేవాడు. ఆయన వేసిన హాస్యం బతుకంతటికీ అదొక్కటే. దాన్నే పొదుపుగా వాడుకునేవాడు.

వరదలో ఆయన భార్య పోయింది. నీళ్లు ఇంట్లోకి వచ్చినప్పుడు ఆయన ఎడం చేత్తో కిటికీ చువ్వ పట్టుకున్నాడు, కుడి చేత్తో ఆమెను పట్టుకున్నాడు. ఎడం చెయ్యి నిలిచింది. ఆ సంగతి వీధిలో అందరికీ తెలుసు. ఆయన ముందు ఎవరూ ఎత్తలేదు.

నీళ్లు తీశాక కుడి చెయ్యి వణకడం మొదలైంది. అది వయసు వణుకు, వరదకీ దానికీ సంబంధం లేదు అన్నాడు డాక్టరు. పెద్దాయన విన్నాడు, చొక్కా గుండీలు పెట్టుకుని ఇంటికి వచ్చాడు.

కొత్త కట్ట లేచింది. పోయినవాళ్ల పేర్లతో ఒక ఇత్తడి పలక అక్కడి పంపుహౌసు గోడకి పెట్టాలనుకున్నారు. పంపుహౌసు మేస్త్రి స్వయంగా పలక మోసుకొచ్చి బల్ల మీద పెట్టాడు.

"నువ్వు చెక్కితేనే పెడతాం పెద్దాయనా. లేకపోతే ఖాళీ గోడే" అన్నాడు.

పెద్దాయన తల ఊపాడు. ఆ పేర్లలో భార్య పేరూ ఉంది. అది తన అక్షరాల్లోనే ఉండాలి. ఆయనకి మిగిలిన కోరికంటూ అదొక్కటే.

మొదటి పేరు, మొదటి అక్షరం సగంలో ఉండగా ఉలి జారింది. పలక ఈ మూల నుంచి ఆ మూలకి గీత పడింది. ఇత్తడి మీద లోతుగా పడ్డ గీత పోయేది కాదు. ఆయన పలక తిరగేసి, రెండో వైపు ముఖం కనపడేదాకా మెరుగు పెట్టి, గుడ్డలో చుట్టి బీరువా కింద పెట్టాడు. ఇంక మిగిలింది ఆ ఒక్క వైపే. దాన్ని ముట్టుకోడానికి ఆయనకి ధైర్యం చాల్లేదు.

పక్క కొట్టు బావమరిదిది. చనిపోయిన ఆవిడకి తమ్ముడు. రేడియోలు బాగుచేసేవాడు కాబట్టి రేడియో అనే పిలిచేవాళ్లు. ఇప్పుడు రేడియోలు తెచ్చేవాళ్లు లేరు గాని పేరు అలాగే ఉంది, నోరూ అలాగే ఉంది. రోజుకోసారి గుమ్మంలోకి వచ్చి నిలబడేవాడు.

"బావా, ఆ పలక గుడ్డలోంచి ఎప్పుడు లేస్తుంది?"

"నీ పని చూసుకో."

"నా పని చూసుకుంటే టీ చల్లారేలోగా అయిపోతోంది. ఆ తర్వాత ఎవరి పని చూడను?"

ఒక మధ్యాహ్నం అతను ఊరికే రాలేదు. చేతిలో ఒక రేకు పెట్టె ఉంది. వరదలో మునిగిన డాన్సు హాలు వాళ్లు రంగు లేజరు వెలుగులు చిమ్మే యంత్రాన్ని బాగుచెయ్యమని ఇచ్చి మళ్లీ రాలేదట. అందులోంచి తీసిన రెండు చిన్న మోటార్లు బల్ల మీద పెట్టాడు. ఒక్కోదాని కొనకి గోరంత అద్దం అతికించి ఉంది.

"ఇది కుడి ఎడమలు చూసుకుంటుంది. అది పైనా కిందా చూసుకుంటుంది. లేజరు వెలుగు దీని మీద పడి, దాని మీదకి దూకి, పలక మీద పడుతుంది. రెండూ కలిసి ఏం గియ్యమంటే అది గీస్తాయి. చెయ్యి అక్కర్లేదు."

పెద్దాయన అద్దాల వంక చూశాడు. "వెలుగు ఇత్తడిని కోస్తుందా?"

"కొయ్యదు. పలకకి రెండు వైపులా నల్లరంగు పూస్తాం. వెలుగు పడ్డచోట రంగు కాలిపోతుంది. తర్వాత పలకని నేను రేడియో బోర్డులు చేసుకునే ద్రావకంలో వేస్తాం. రంగు లేనిచోట ఇత్తడిని అది తినేస్తుంది. రంగు ఉన్నచోట జోలికి పోదు."

"అక్షరం ఎవరిది?"

రేడియో ఈ ప్రశ్న కోసమే వచ్చినట్టు కూర్చున్నాడు. "నీదే. నీ పాత పలకల మీద కాగితం వేసి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీస్తా. చుక్క చుక్క గుర్తుపెట్టి అద్దాలని నడిపే బోర్డుకి చెప్తా. నీ చెయ్యి ఎలా తిరిగిందో అద్దం అలాగే తిరుగుతుంది. ఇప్పటి చెయ్యి కాదు బావా. అప్పటిది."

 పెద్దాయన లేచి బీరువా కింద నుంచి పలక తీశాడు.

అనుకున్నంత తేలిగ్గా కాలేదు. అద్దాలకి పని చెప్పే బోర్డు వేలెడంత ఉంటుంది. దాని అంచున ఉన్న లోహపు కాలి నుంచి వచ్చే కరెంటు ఎంత పెరిగితే అద్దం అంత తిరగాలి. మొదటిరోజు అద్దాలు ఒక పక్కకే తిరిగాయి.

"అద్దానికి సున్నా నడిమధ్యన ఉంటుంది. సున్నాకి పైన ఇస్తే ఇటు, కింద ఇస్తే అటు. మన బోర్డు సున్నా నుంచి మూడు చిల్లర వోల్టుల దాకా ఇస్తుంది గాని సున్నా కిందకి దిగదు" అన్నాడు రేడియో తల గోక్కుంటూ.

"సున్నా కిందకి దిగడం ఎలాగో నన్నడిగితే చెప్పేవాణ్ణి" అన్నాడు పెద్దాయన.

రేడియో నవ్వబోయి ఆగాడు. బావ ముఖంలో నవ్వు లేదు.

అతను మధ్యలో ఇంకో చిన్న బోర్డు కట్టాడు. ఇటు నుంచి వచ్చినదాన్ని కిందకి జరిపి, సాగదీసి, అద్దాలకి అందించే బోర్డు. అప్పుడు అద్దాలు రెండు పక్కలకీ తిరిగాయి. పాత రేకు ముక్కకి రంగు పూసి ఒక అక్షరం గీయించారు. పెద్దాయన భూతద్దం దించుకుని చూశాడు.

"ఇదేంట్రా. గుండ్రంగా ఉండాల్సినచోట మెట్లు కట్టావు."

"బోర్డుకి వాలు తెలీదు బావా. దానికి తెలిసిందల్లా మెట్లే. రెండువందల పైచిలుకు మెట్లు, అంతే. పలకంతటికీ వాటినే పరిచేసరికి మెట్టు లావైంది."

"నా అక్షరానికి మెట్లుండవు."

"ఉండవులే. రేపు చూడు."

మర్నాడు మెట్ల మధ్య నున్నగా సాగేలా ఏదో అతికించాడు. మెట్లు పోయాయి. కొసలు కూడా పోయాయి. తలకట్లు కరిగిన మైనంలా వాలిపోయాయి. పెద్దాయన రేకు ముక్కని బల్ల మీద బోర్లించాడు. ఆయన తిట్టినా బాగుండేదని రేడియోకి అనిపించింది.

రేడియో భార్య టీ తెచ్చేది. ఆమె పెద్దాయన్ని అన్నయ్యగారూ అనేది. మొగుణ్ణి మాత్రం ఏ వరసా పెట్టి పిలిచేది కాదు.

"అన్నయ్యగారూ, ఈయన మాట నమ్మి మా ఇంట్లో ఫ్యాను మూడేళ్లుగా విప్పే ఉంది. మీరు పలకే ఇచ్చేశారు."

"ఫ్యాను మీద నీ పేరు రాస్తానన్నానా?" అన్నాడు రేడియో.

"రాయండి. తిరక్కపోయినా చదువుకుంటాను."

పెద్దాయన పెదవి కొంచెం కదిలింది. ఆ కొట్టులో వరద తరువాత నవ్వుకి అంతకన్నా దగ్గరగా వచ్చింది ఏదీ లేదు.

చివరికి రేడియో చేసింది ఇది. అద్దాలు తిరిగే మేరని బాగా తగ్గించాడు. ఆ మెట్లన్నీ పలకంతా పరవకుండా ఒక్క పేరు పట్టే చోటులోనే ఇరికించాడు. మెట్టు వెంట్రుక కన్నా సన్నమైంది. ఒక పేరు అయ్యాక పలకని చేత్తో జరిపి ఇంకో పేరుకి చోటివ్వాలి. జరపడం పెద్దాయన పని. జరిపేటప్పుడు చెయ్యి వణికినా నష్టం లేదు, ఆపాక చూసుకుని సరిచేసుకోవచ్చు. గీత తప్పకుండా నిలబెట్టగల కన్ను ఆయనకే ఉంది.

రేకు ముక్క మీద మళ్లీ గీయించారు. పెద్దాయన చూశాడు. తల ఎత్తలేదు.

"ఈ తలకట్టు నాదే" అన్నాడు చివరికి.

"మరి ఎవరిదనుకున్నావు?"

"కొస కుడికి కొంచెం లేస్తుంది. మా గురువు కొట్టేవాడు దానికి. పోలేదు."

భార్య పేరుకి అచ్చు కోసం ఆయన ఇంట్లోంచి కుట్టుపెట్టె మూత తెచ్చాడు. పెళ్లైన కొత్తలో తనే చెక్కి ఇచ్చిన మూత. రేడియో దాన్ని చొక్కా కొసతో తుడిచాడు, అవసరం లేకపోయినా మళ్లీ తుడిచాడు.

"అక్క పేరు నేనెప్పుడూ రాసినట్టు లేదు బావా. పిలవడమే."

"పిలిచిందీ లేదు. అక్కా అనేవాడివి."

"అవును."



పని మొదలుపెట్టే రోజు పొద్దున్నే రేడియో పద్ధతి చెప్పాడు. ముందు బోర్డు స్విచ్చి. తరువాత అద్దాలు. ఆఖరున లేజరు. బోర్డు నిద్ర లేచేలోగా అద్దాలకి కరెంటు ఇస్తే అవి ఠక్కున మూలకి కొట్టుకుంటాయి, అప్పుడు లేజరు వెలుగుతుంటే ఉన్నచోటే నిలిచి కాల్చేస్తుంది. తన చెయ్యి లేజరు స్విచ్చి మీదనుంచి తియ్యనన్నాడు. ఆకుపచ్చ కళ్లద్దాలు ఒక జత బావకి ఇచ్చాడు.

"మెరుగు ఇంత పెట్టావు, ముఖం చూసుకోవచ్చు. ఎందుకు పెట్టావు? రంగు కాలగానే కింద ఇత్తడి అద్దంలా వెలుగుని తిప్పి కంట్లోకి కొడుతుంది."

"మెరుగు లేకుండా పలక ఇచ్చిన రోజు లేదు."

"సరే. అయితే ఈ కళ్లద్దాలు తియ్యకు. అక్షరానికీ అక్షరానికీ మధ్య వెలుగు ఆరిపోతుంది. అద్దం పక్కకి జరుగుతుంది. అది పని అయిపోవడం కాదు. పేరంతా అయ్యాక బజరు మోగుతుంది. అప్పుడు నేను లేజరు కట్టేస్తా. అప్పుడు వంగు, ఊదు, కావాలంటే ముద్దు పెట్టుకో. అంతదాకా వంగకు."

"చెవిటివాడికి చెప్పినట్టు చెప్తావేం?"

"చెవిటివాడైతే భయం లేదు. ఊదేవాడివి."

పెద్దాయన రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. మొదటి పేరు మొదలైంది. అద్దాలు సన్నగా రొద పెట్టాయి, దోమ చెవి దగ్గరికి వచ్చినట్టు. నల్లరంగులోంచి పొగ దారంలా లేచింది. ఒక అక్షరం అయింది, వెలుగు ఆరింది. ఆయన మెడ ముందుకి వచ్చింది. "బావా" అన్నాడు రేడియో. మెడ వెనక్కి వెళ్లింది. బజరు మోగింది.

అలా పేరు తరువాత పేరు. పలక జరపడం, తాడు పట్టి వరస చూడడం, కళ్లద్దాలు పెట్టుకోవడం, చేతులు తొడల కింద పెట్టుకోవడం. రొట్టెలు కాల్చే ఆయన పేరు అయింది. బడి ముందు గొడుగులు కుట్టే ఆవిడ పేరు అయింది. మేస్త్రి తమ్ముడి పేరు అయింది. రేడియో ఒక్కో పేరు మొదలయ్యే ముందు "బావా" అనేవాడు. కొన్నాళ్లకి అనడం మానేశాడు. అక్కర్లేకపోయింది. పెద్దాయన రాయిలా కూర్చునేవాడు. పుర్రెతో పుట్టిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు. ఇది పోయిందనే అనుకున్నారు ఇద్దరూ.

ఆమె పేరు ఆఖరున పెట్టుకున్నారు. ఎవరూ అలా అని చెప్పుకోలేదు.

ఆ రోజు మబ్బు లేదు. వీధి తలుపు వేసి పని చేసుకుంటున్నా పై అద్దాల కిటికీలోంచి వెలుతురు పడుతోంది. పెద్దాయన పలక జరిపాడు. వరస చూశాడు. మళ్లీ చూశాడు. రేడియో స్విచ్చిలు వేశాడు. అద్దాలు రొద పెట్టాయి.

మొదటి అక్షరం అయింది. రెండోది అయింది. కుట్టుపెట్టె మూత మీద ఎలా ఉందో అలాగే వచ్చింది, కొస కుడికి లేచి. రెండో అక్షరం తరువాత పెద్దాయన పక్కకి చూశాడు. బావమరిది ముఖం గోడ వైపు ఉంది. భుజాలు కదులుతున్నాయి. చెయ్యి మాత్రం స్విచ్చి మీదే ఉంది. చూడకూడనిది చూసినట్టు పెద్దాయన మళ్లీ పలక వైపు తిరిగాడు.

ఇంకో అక్షరం అయింది. వెలుగు ఆరింది.

ఆకుపచ్చ కళ్లద్దాల్లోంచి అంతా ఒకే రంగు. ఆమె పేరు ఆ రంగులో చూడడం ఆయనకి నచ్చలేదు. చేతులు తొడల కిందనుంచి వచ్చాయి. కళ్లద్దాలు నుదుటి మీదకి వెళ్లాయి, భూతద్దం కుడికంటికి దిగింది. వంగాడు. ఉఫ్‌మన్నాడు. కాలిన రంగు పొడి లేచి పక్కకి పడింది. కింద ఇత్తడి తళుక్కుమంది. ఎప్పుడో చెక్కిన అక్షరం, తడబాటు లేని చేతిది, ఎదురుగా ఉంది. ఇంకాస్త వంగాడు.

ఆఖరి అక్షరం మొదలైంది.

నొప్పి ఏమీ లేదు. నీలంగా ఒక మెరుపు, ఆ తరువాత కంటి నడిమధ్యన కాగితం కాలినట్టు ఒక నల్లటి చిల్లు. ఆయన వెనక్కి జరిగితే స్టూలు పడింది. ఆ చప్పుడుకి రేడియో స్విచ్చి కట్టేశాడు.

"ఏమైంది బావా?"

"ఏం లేదు. నువ్వు ఇటు తిరుగు."

"తిరిగే ఉన్నాను."

"ఉన్నావా" అన్నాడు పెద్దాయన. గొంతు వచ్చిన వైపు చూశాడు. మనిషి చెవులు కనపడ్డాయి, భుజాలు కనపడ్డాయి. ముఖం ఉండాల్సినచోట చిల్లు ఉంది.

కళ్ల డాక్టరు దీపం వేసి చూశాడు. కంటి వెనక పొర నడిమధ్యన కాలిందన్నాడు. అంచుల్లో కొంచెం చూపు ఉంటుంది, గోడ ఎక్కడుందో తలుపు ఎక్కడుందో తెలుస్తుంది, అంతే అన్నాడు. మందు లేదన్నాడు. ఆస్పత్రి మెట్లు దిగుతున్నప్పుడు రేడియో ఆయన చెయ్యి పట్టుకున్నాడు. కుడి చెయ్యి. అది వణుకుతూనే ఉంది. ఇల్లు వచ్చేదాకా వదల్లేదు.

"తిట్టు బావా" అన్నాడు గుమ్మం దగ్గర.

"ఎందుకు తిట్టడం? వంగింది నేను."

"నేను చూసుంటే అరిచేవాణ్ణి."

"నువ్వు చూసుంటే నీ అక్క పేరు చూసేవాడివి. నన్ను కాదు." పెద్దాయన గోడ తడుముకుంటూ లోపలికి వెళ్లాడు. "పో. నీ భార్య ఎదురుచూస్తుంటుంది."

మర్నాడు పొద్దున రేడియో వచ్చేసరికి పేర్ల కొట్టు తలుపు తీసే ఉంది. ఊడ్చి ఉంది. చెత్త మూలల్లో అలాగే ఉంది గాని నడుమ ఊడ్చి ఉంది. పెద్దాయన పలక ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. వేలికొనతో రంగు మీద తడుముతున్నాడు.

"ఆఖరిది ఎంత పడింది?" అని అడిగాడు.

రేడియో చూడాల్సి వచ్చింది. "సగం."

"ఎడమ సగమా?"

"ఊఁ. తలకట్టు లేదు."

పెద్దాయన తల ఊపాడు. "అద్దాలు పెట్టు. మిగతా సగం గీయిద్దాం. వరస నువ్వు చూడు."

 రేడియో బల్ల మూల వైపు చూశాడు. మోటార్లు రెండూ అక్కడే ఉన్నాయి. వాటి కొనల్లో ఏమీ లేదు.

"అద్దాలు లేవు బావా. నిన్న సాయంత్రం స్పానరుతో పగలగొట్టా."

"తొందరపడ్డావు."

"ఊఁ."

రేడియో బల్ల సొరుగులోంచి సూది ఒకటి తీశాడు.

"సూదితో రంగు గీకి నేను పూర్తిచేస్తా. సగం అక్షరమేగా. మూత పక్కన పెట్టుకుని చూస్తూ గీస్తా."

"అప్పుడు అది నీ అక్షరం. వద్దు."

"పోనీ నువ్వు గీకు. నీ చెయ్యి నేను పట్టుకుంటా."

"జారితే? పక్కన గొడుగులావిడ ఉంది. మేస్త్రి తమ్ముడు ఉన్నాడు. వాళ్ల మీద గీత పెట్టే హక్కు నాకు లేదు." పెద్దాయన లేచాడు. "ద్రావకం పొయ్యి."

"సగం అక్షరంతోనా? మేస్త్రి ఒప్పుకోడు."

"ఒప్పుకోకపోతే ఖాళీ గోడే."

రేడియో తన కొట్టు నుంచి ప్లాస్టిక్ తొట్టి తెచ్చాడు. గోధుమరంగు ద్రావకం పోశాడు. పెద్దాయన పలక వెనక వైపు, పాత గీత ఉన్న వైపు, రంగు ఎక్కడా పోలేదు కదా అని వేళ్లతో చూసుకుని పలకని అంచులు పట్టి తొట్టిలోకి దించాడు. ద్రావకం నిలవ ఉండకూడదు. తొట్టిని అటూ ఇటూ ఊపుతూ ఉండాలి, లేకపోతే అక్షరం లోతుగా దిగదు. రేడియో తొట్టి అంచు పట్టుకున్నాడు.

"నువ్వు కూర్చో బావా. నేను ఊపుతా."

"వదులు" అన్నాడు పెద్దాయన. కుడి చెయ్యి తొట్టి అంచు మీద వేశాడు. చెయ్యి వణికింది, తొట్టి కదిలింది, ద్రావకం పలక మీద నుంచి సన్నగా అటూ ఇటూ పారింది. "దీనికి చేతనైన పని ఇదొక్కటే. చెయ్యనీ."

రేడియో వదిలాడు. గుమ్మంలో కూర్చున్నాడు. అతని భార్య టీ తెచ్చి ఇద్దరి మధ్యా పెట్టి వెళ్లింది. పెద్దాయన తొట్టి వైపు చూడలేదు. గోడ మీద నీటి గీత ఉన్న వైపు ముఖం పెట్టి, ద్రావకం ఇత్తడిని తినడం అయ్యేదాకా, చెయ్యి తియ్యకుండా నిలబడ్డాడు.